లోవలక్ష్మమ్మ గారి కుండ

25 ఫిబ్రవరి 1998, బుధవారం

ఈస్టర్ ముందటి నలభై రోజుల శ్రమల కాలం మొదలైంది. నా శ్రమలు కూడా.

ఆరాధన అయ్యాక మా పాస్టరు అయ్యగారు అందరి ముందూ ప్రకటించేశారు. కృపామణి టీచరు గారికి, అంటే నాకు, మోకాలు వాచింది, డాక్టరు రెండు నెలలు నడవొద్దన్నారు, కాబట్టి ఈస్టర్ దాకా పిడికెడు బియ్యం సంచి రూతు తీసుకెళ్తుంది అని. ముందుగా నాతో ఒక్క మాట అనలేదు. నేను నవ్వుతూ తల ఊపాను. ఆ నవ్వు ఎక్కడినుంచి తెచ్చానో నాకే తెలియదు.

పదకొండేళ్ళు! ప్రతి శనివారం ఒంటిపూట బడి అవగానే సంచి భుజాన వేసుకుని నరసాపురంలో మా సంఘం వాళ్ళ ఇళ్ళు ముప్పై ఆరూ కాలినడకన తిరిగాను. వంట చేసేటప్పుడల్లా ఇల్లాలు ఒక పిడికెడు బియ్యం తీసి పక్కన ముంతలో వేస్తుంది. ఆ ముంతలన్నీ నా సంచిలో ఒంపించుకుని, ఇంటింటా ఒక ప్రార్థన చేసి, మంచీ చెడూ కనుక్కుని వచ్చేదాన్ని. ఆ బియ్యం సంఘంలో ఉన్న విధవరాండ్రకు వెళ్తుంది. ఎండైనా వానైనా ఒక్క శనివారం మానలేదు.

రూతు ఈ ఊరు వచ్చి ఆరు నెలలు కాలేదు. మొగుడికి రైల్వేలో ఉద్యోగం, నిడదవోలు నుంచి ట్రాన్స్‌ఫర్. ఇరవై ఎనిమిదేళ్ళు ఉంటాయి. గొంతు బాగుంటుందని అందరూ అంటారు. ఉంటే ఉండనీ.

27 ఫిబ్రవరి, శుక్రవారం

రూతు సంచి కోసం వచ్చింది. అక్కా, నాకేం తెలీదు, అన్నీ మీరే చెప్పాలి అంటూ నేలమీదే చతికిలబడింది. మా ఇంట్లో కుర్చీలు లేవా? కొందరికి వినయం కూడా నలుగురికీ కనపడేట్టుంటుంది. చూడ్డానికి అక్కడ నేనొక్కదాన్నే ఉన్నాననుకోండి, అది వేరే సంగతి.

చెప్పాను. ఏ ఇంట్లో కుక్క కరుస్తుందో, ఏ ఇంట్లో మొగుడు నిద్ర లేవకముందు తలుపు కొట్టకూడదో, ప్రార్థన పొడుగైతే ఎవరు విసుక్కుంటారో, అన్నీ.

ఒక్కటి చెప్పలేదు. లోవలక్ష్మమ్మ గారి సంగతి.

ఆవిడది రేవు దగ్గర ఒంటి గది ఇల్లు. డెబ్భై ఆరేళ్ళు. లేసు అల్లి అల్లి చూపు మసకేసింది. నా అనేవాళ్ళు లేరు. కార్డు మీద వచ్చే బియ్యం పది రోజులకు మించి రావు. వెనకటికి అయ్యగారు ఆవిడ పేరు విధవరాండ్ర లిస్టులో రాస్తే, ఆరాధన మధ్యలో లేచి నిలబడి, నాది పెట్టే చెయ్యండి బాబూ, పట్టే చెయ్యి కాదండి అని పేరు కొట్టించేశారు. అందుకని నేను ఓ పని చేసేదాన్ని. ముందు గదిలో ఆవిడ ఇచ్చిన ముంత రెండు చేతులా పుచ్చుకుని, మంచినీళ్ళు తాగొస్తానని వెనక వసారాలోకి వెళ్ళి, సంచిలోంచి ఆవిడ బియ్యం కుండలో రెండు కిలోలు చప్పుడు కాకుండా పోసి వచ్చేదాన్ని. పదకొండేళ్ళుగా ఈ సంగతి నాకూ దేవుడికీ తప్ప తెలియదు. మా ఆయన చంద్రరావు గారికి కూడా చెప్పలేదు.

రూతుతో చెబుదామని నోటిదాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే ఆ పిల్ల, లోవలక్ష్మమ్మ గారు నన్ను కూతురా అని పిలుస్తారక్కా అంది. నన్ను ఇన్నేళ్ళూ టీచరు గారండీ అనే పిలిచారు ఆవిడ.

అంత తెలివిగల పిల్ల, వెళ్తే తనకే తెలుస్తుందిలే అనుకున్నాను.

7 మార్చి, శనివారం

వాళ్ళంతా మా గుమ్మం ముందు నుంచే నడిచి వెళ్ళారు. నేనెప్పుడూ ఒంటరిగానే తిరిగాను. రూతు వెంట ఎనిమిది మంది ఆడవాళ్ళు పాట పాడుకుంటూ వెళ్తున్నారు. ఇన్నాళ్ళూ నాతో రావడానికి వీళ్ళందరికీ వంటలు, పిల్లలు, నడుము నొప్పులూ అడ్డమొచ్చాయి.

కిటికీ రెక్క వేసేశాను. పాట వినపడుతూనే ఉంది.

14 మార్చి

సంచి మోయలేక ఈ వారం రిక్షా మీద తెచ్చారట.

15 మార్చి, ఆదివారం

అయ్యగారి ప్రసంగం ఈ రోజు లోవలక్ష్మమ్మ గారి మీద. ఈ వయసులో ఆ తల్లి శ్రమల కాలమంతా ఉపవాసం పట్టింది, పగలంతా మంచినీళ్ళే, మీరేమో కాఫీ మానలేకపోతున్నారు అన్నారు. అందరూ వెనక్కి తిరిగి ఆవిడను చూశారు. ఆవిడ తల దించుకున్నారు. అది వినయం అనుకున్నారు అందరూ.

ఉపవాసం కాదు. కుండలో బియ్యం అయిపోయాయి. ఆ సంగతి ఆ మందిరంలో ఇద్దరికే తెలుసు.

సాయంత్రం రూతు వచ్చి, ఆవిడ విశ్వాసం చూస్తే కన్నీళ్ళొస్తాయక్కా, ఉపవాసం ఉండి కూడా ముంతలో మునుపటికన్నా ఎక్కువే పోస్తున్నారు అంది. దీనికి కళ్ళు లేవా? ఆ చేతులు చూడలేదా? ఆ మాట అడగబోయి, టీ తాగుతావా అని అడిగాను.

చెబితే ఒక్క నిమిషం పని. కానీ చెబితే, మొదటే ఎందుకు చెప్పలేదని అడుగుతుంది. ఆ ప్రశ్నకు జవాబు ఉంది గానీ, అది చెప్పుకునేది కాదు.

22 మార్చి

ఆరాధన అయ్యాక లోవలక్ష్మమ్మ గారు నా మోకాలు ఎలా ఉందని అడిగారు. చెయ్యి పట్టుకుంటే ఎముక తగిలింది. ఇక చెప్పేద్దామనుకున్నాను. ఇంతలో ఆవిడ నా భుజం మీదుగా చూస్తూ, రూతమ్మ వచ్చిందాండీ అన్నారు.

ఇంటికి వచ్చేశాను.

5 ఏప్రిల్, మట్టలాదివారం

ఊరేగింపులో లోవలక్ష్మమ్మ గారు పడిపోయారు. కొబ్బరాకు చేతిలో పట్టుకుని హోసన్నా అంటూ నడుస్తున్న మనిషి మెయిన్ రోడ్డు మీద కూలిపోయారు. నేను రిక్షాలో వెనక వస్తున్నాను. దిగేలోపే రూతు ఆవిడ తల ఒళ్ళో పెట్టుకుని గ్లూకోజు తాగిస్తోంది. ఉపవాసం ఇక చాలించమ్మా అని అయ్యగారు బతిమాలారు. ఆవిడ ఒప్పుకోలేదు.

నిజం రాయాలి కదా ఇక్కడైనా. ఆవిడ పడిపోగానే నాకు మొదట వచ్చిన ఆలోచన ఆవిడ గురించి కాదు. ఆ ఒడి నాది ఎందుకు కాలేదని.

9 ఏప్రిల్, గురువారం, సాయంత్రం 4

రూతు ఏడుస్తూ వచ్చింది. లోవలక్ష్మమ్మ గారు దానికి అంతా చెప్పుకున్నారట. బైబిల్లో సారెపతు విధవరాలి తొట్టిలో పిండి తరగనట్టే, పదకొండేళ్ళు దేవుడు నా కుండలో బియ్యం తరగనివ్వలేదమ్మా అన్నారట. ఈ శ్రమల కాలం మొదలైన దగ్గర్నుంచీ ఆపేశాడు, నేను ఏదో పాపం చేశాను, అదేంటో తెలీక కొట్టుకుంటున్నాను అన్నారట. రూతు బియ్యం తీసుకెళ్తే ముట్టలేదు. ఆయన క్షమించి ఇస్తేనే తింటాను గానీ మనుషులు పోస్తే తిననమ్మా అన్నారట.

ఆవిడ చూడలేదనుకున్నాను గానీ, ఎవరు పోస్తున్నారనుకుంటున్నారో ఒక్కనాడూ ఆలోచించలేదు.

రూతు కళ్ళు తుడుచుకుని, అక్కా, మీరు ఇన్నేళ్ళు ఆ ఇంటికి వెళ్ళారు కదా, మీకేమైనా తెలుసా అంది.

తెలియదన్నాను. ప్రభువును ఎరగనని శిష్యుడు బొంకగానే కోడి కూసింది; మా వీధిలో ఎవరూ కోళ్ళు పెంచరు కాబట్టి సరిపోయింది.

10 ఏప్రిల్, గుడ్ ఫ్రైడే

మూడు గంటల ఆరాధన. ప్రభువు సిలువ మీద పలికిన నాలుగో మాట మీద ప్రసంగం నడుస్తుండగా తలనొప్పి అని లేచి బయటికొచ్చాను. రిక్షాలో ఇంటికి వెళ్ళి మా డబ్బాలోంచి ఐదు కిలోలు సంచిలో పోసుకుని రేవుకు వెళ్ళాను. సందులోకి రిక్షా రాదు. మోకాలు ప్రాణం తీసింది.

ఆవిడ ఇంకా ఆరాధనలోనే ఉన్నారు; తలుపుకు తాళం ఉండదు, గొళ్ళెమే. కుండలో చెయ్యి పెట్టి గీకినా గింజ దొరకలేదు. ముందు గదిలో మాత్రం, రేపు రూతుకు ఇవ్వాల్సిన ముంత నిండుగా ఉంది. తినడానికి లేని మనిషి ఆ ముంత ఎలా నింపారో నాకు తెలియదు.

చప్పుడు కాకుండా పోశాను. తర్వాత అక్కడే గోడకు ఆనుకుని చాలాసేపు ఏడ్చాను.

12 ఏప్రిల్, ఈస్టర్

తెల్లవారుజామున అందరూ పాడుకుంటూ సమాధుల తోటకు నడిచారు. ఈసారి నేనూ కుంటుకుంటూ నడిచాను. వచ్చాక సాక్ష్యాలు. లోవలక్ష్మమ్మ గారు లేచి, నా పాపం నాకు తెలిసిందండి, శుక్రవారం ఒప్పుకున్నానండి, ఇంటికెళ్ళేసరికి దేవుడు నా కుండ నింపాడండి అన్నారు. అంతా రూతమ్మ ప్రార్థన బలమేనండి అన్నారు.

హల్లెలూయలతో మందిరం దద్దరిల్లింది. ఆడవాళ్ళంతా రూతును కావలించుకున్నారు. నేనూ కావలించుకున్నాను. పోసింది నేను, నడవలేని కాలితో వెళ్ళి పోసింది నేను, అని దాని చెవిలో అరవాలనిపించింది. ఇంకాస్తయితే చంపేదానివి కూడా నువ్వే కదా, అని లోపల ఇంకో గొంతు అంది.

13 ఏప్రిల్, ఉదయం

ఇవాళ వెళ్ళి ఆవిడతో అంతా చెప్పేస్తాను. దేవుడి మీద ఆవిడ నమ్మకం పోతే పోనీ, చెయ్యని పాపం నెత్తిన పెట్టుకుని ఆవిడ బతకకూడదు.

సాయంత్రం

నేను నోరు తెరవకముందే ఆవిడ నా రెండు చేతులూ పట్టుకున్నారు. పదకొండేళ్ళు నా కోసం నడిచొచ్చారు మీరు, రూతమ్మ రాగానే మిమ్మల్ని మర్చిపోయానండి, అదేనండి నా పాపం, దేవుడు క్షమించేశాడు, మీరు కూడా క్షమించానని ఒక్క మాట అనండి అన్నారు.

క్షమించానని చెప్పి వచ్చేశాను.