ఈశాన్యం వైపు మెట్లు

మంగళవారం, రాత్రి

కంఠేశ్వర్‌లో పూర్తికావచ్చిన ఆసుపత్రి డిజైన్‌ను, అది గీసినవాళ్లతో సంబంధం లేని ఇంజనీరుగా నన్ను సరిచూడమన్నారు. నిప్పంటుకుంటే పైనున్నవాళ్లు బయటపడగలరా అన్నదే నేను తేల్చాలి. డ్రాయింగులో రెండు వైపులా మెట్లున్నాయి. సంతకం పెట్టేముందు ఒకసారి కళ్లారా చూద్దామని ఇవాళ వెళ్లాను.

ఓనర్ రాజన్న ముందు దేవుడి గదికి తీసుకెళ్లాడు. అఖండ దీపం వెలుగుతోంది. దండం పెట్టుకుని, రెండో వైపు మెట్లు ఎక్కడని అడిగాను.

"గీడనే రావాలె మేడం. ఈశాన్యంల మెట్లుంటే బరువైతదని వాస్తు ఆయన చెప్పిండు. గందుకే స్లాబు ఏసి దేవునికిచ్చినం."

"మరి పైన మంటలొస్తే, అన్నా?" అన్నాను.

"దేవుడే ఉన్నంక మంటలెందుకొస్తయి మేడం?" అతను నవ్వలేదు.

"డ్రాయింగు గీసినాయనకు తెలుసా?"

"దేవున్ని నిలిపిన నాడు గీ దీపం ముట్టిచ్చిందే ఆయన."

ఒప్పుకోనని రేపే రాస్తాను. రాసినా ఆ స్లాబు పగలగొడతారా...

కళ్లు మూస్తే ఆ దీపమే కనబడుతోంది. చెప్పులు విప్పి మరీ నేను దండం పెట్టింది, పై వార్డు బాలింతలు పసిబిడ్డలతో దిగిరావాల్సిన చోట.