లాన్‌లో పందికొక్కులు

ఆదివారం, రాత్రి

ఇంటిముందు లాన్ నిండా పందికొక్కులు మట్టి కుప్పలు పోశాయి. గడ్డి పీకించి బండలు పరిపిస్తానని కోడలు పద్మ నిన్న తేల్చి చెప్పింది. ఆ గడ్డి వేసినప్పుడు గేదెల మేత అని వెక్కిరించింది నేనే. ఇప్పుడు తెల్లారగానే దానిమీద చెప్పుల్లేకుండా నడవకపోతే నాకు పొద్దు పొద్దులా ఉండదు.

అందుకే సాయంత్రం కుండలో వరిగడ్డి, తాలు మిరపకాయలు వేసి అంటించి బొరియలోకి పొగ ఊదాను. కొక్కు ఒక్కటీ బయటికి రాలేదు. పక్కింటి మస్తాను మాత్రం దగ్గుతూ గోడ దగ్గరికొచ్చాడు.

"ఏరా, నన్ను చంపుతావా? పొగంతా నా కోళ్లగూటి కింద నుంచి వస్తోంది!"

"నీ కోళ్ల నూకలు తిని నా లాన్‌లో కాపురం పెట్టాయిరా!"

"రోజూ నీళ్లు కొట్టి నేల మెత్తగా చేసిపెడితే పెట్టవా మరి?"

ఆ మాట నిజమే. చీకటి పడేలోపు వాడు నూకలు ఎత్తేస్తానన్నాడు. నేను నీళ్లు తగ్గిస్తానన్నాను. బొరియలన్నీ ఇద్దరం పూడ్చాం. పొద్దున ఏది తెరుచుకుంటే అందులో కొక్కు ఉన్నట్టు. దానికే మళ్లీ పొగ, మిరపకాయల్లేకుండా.

పద్మ నవ్వు ఆపుకోలేక, "బండల సంగతి వచ్చే నెల చూద్దాంలెండి మామయ్యగారూ" అంది. నేను అన్నం మారు వడ్డించుకున్నాను.