సోమవారంలోగా ఆ గదికి కిటికీ

గద్వాల పురపాలక సంఘం కమిషనర్ గారి సముఖమునకు,

మానవపాడు మండల వాసి, బావుల పని చేసి బతికిన నర్సింహులు, వయసు అరవై తొమ్మిది, చదువు ఐదవ తరగతి, రెండు చేతులు జోడించి వ్రాసుకొను అర్జీ.

విషయం: నా కూతురి కిరాయి పడకగదికి మూసివేసిన కిటికీని సోమవారంలోగా తెరిపించుట గురించి, మరియు ఆ గదిని మెచ్చుకుంటూ నేను వ్రాసి ఇచ్చిన చీటిని రద్దు చేయుట గురించి.

అయ్యా,

ముందుగా తమరికి శుభవార్త. నాకు మనుమరాలు పుట్టింది. అర్జీలో ఇటువంటివి రాయకూడదని తమ ఆఫీసు ముందర అర్జీలు రాసే ఆయన అన్నాడు. అందుకే ఆయనతో రాయించకుండా నేనే రాసుకుంటున్నాను. తప్పులుంటే మన్నించవలెను.

1. నా బిడ్డ జములమ్మకు పెండ్లయి పన్నెండేండ్లు. అల్లుడు నాగేశ్ గద్వాలలో ఆటో నడుపుతాడు. ఈ పన్నెండేండ్లు ఎవరింట్లో తొట్టెల వేసినా నా బిడ్డ తలనొప్పి అని చెప్పి పోకుండా పడుకునేది. అటువంటి నా బిడ్డ ఈ నెల ఆడపిల్లను కన్నది. నెల తక్కువ కాన్పు. పాప బరువు రెండు కిలోలకు పావు తక్కువ. ఆ రోజు నేను దవాఖాన వాచ్‌మన్‌కు కూడా మిఠాయి తినిపించినాను, ఆయన షుగర్ ఉందని మొత్తుకున్నా వినలేదు. ఆరు రోజులకు ఇంటికి పంపుతూ డాక్టరమ్మ, "పాపను వారానికి రెండుసార్లు తూకానికి తేవాలె, ఊరికి తీసుకపోవద్దు, దవాఖానకు దగ్గర్లనే ఉంచండ్రి" అని ఖచ్చితంగా చెప్పింది.

2. దగ్గరలో మాకు ఇల్లు లేదు. నా బిడ్డ, అల్లుడు ఇదివరకు ఉన్న ఇంటివాళ్ళు, పురుడు మా ఇంట్లో వద్దని ఏడో నెలలోనే ఖాళీ చేయించినారు. తమరికి తెలియనిది కాదు, ఇరవై ఒక్క రోజులు మైల అని బాలింతకు ఎవరూ కిరాయికి ఇవ్వరు. పదకొండు ఇండ్లు తిరిగినాము. ఒక అమ్మ మంచినీళ్ళు ఇచ్చి, "ఇరవై ఒకటి దాటినంక రాండ్రి పెద్దాయనా, పాపను నేనే ఎత్తుకుంట" అని తలుపు వేసుకున్నది. పన్నెండో ఇంటి యజమాని, చీరల వ్యాపారం చేసే శ్రీ భానుప్రకాశ్ గారు సరే అన్నారు. నేను ఆయన కాళ్ళు మొక్కబోతే వద్దన్నారు.

3. సదరు ఇంట్లో ముందర వంటగది, దాని వెనక పడకగది. పడకగదికి ఒకటే తలుపు, అది కూడా వంటగదిలోకే. కిటికీ లేదు. పట్టపగలు లైటు వేస్తే గాని మనిషికి మనిషి కనబడడు. మా అల్లుడు నలుదిక్కులా గోడలు చూసి, "మామా, కిటికీ ఏది?" అని అడిగినాడు.

"కిటికీ ఎందుకయ్యా నాగేశ్, వెలుగే ఇంట్ల పుట్టింది గద" అన్నాను నేను.

మాలో బాలింతకు గాలి సోకవద్దని కిటికీ సందులలో పాత గుడ్డలు కుక్కుతాము. ఈ గదిలో ఆ పని కూడా తప్పిందని నాకు పట్టరాని సంబరం అయింది. భానుప్రకాశ్ గారు, "తర్వాత గాలి లేదు, వెలుతురు లేదు అంటరు, ఒక చీటి రాసియ్యి" అన్నారు. ఆయన ఒక్క ముక్క అడిగితే నేను మూడు రాసినాను. "గాలి చొరని ఇటువంటి గది బాలింతకు బంగారము. కండ్లారా చూసి సంతోషముగా తీసుకున్నాను. ఇటువంటి గది గద్వాలలో మరి దొరకదు" అని సంతకం పెట్టినాను. తేదీ కూడా వేసినాను.

4. ఆ గదికి పుట్టుకతో కిటికీ ఉన్నది. పడమటి గోడకు సందు వైపు ఉండేది. సందును రేకులతో కప్పి చీరల మూటలు పెట్టుకోవడానికి, కిటికీ తీసి ఇటుకలు పేర్చి సున్నం కొట్టినారు. తట్టి చూస్తే అక్కడ గోడ వేరే చప్పుడు చేస్తుంది. తమ ఆఫీసులో ఒక సారు పాత ప్లాను తీసి నాకు చూపించినారు. అందులో కిటికీ గీసి ఉన్నది. మనిషి పడుకునే గదికి బయటి గాలి రావాలని, రాకుంటే దానిని సామాన్ల కొట్టు అనవలసిందే గాని పడకగది అనరాదని ఆ సారే చెప్పినారు. నా మనుమరాలు సామాను కాదు అయ్యా. కాయితం మీది కిటికీ లోంచి గాలి రాదు.

5. ఇక జరిగినది. ఈ భాగం రాయడానికి రెండు దినాలు పట్టింది.

గదిలో చేరిన మూడో దినం, మంగళవారం, తల్లికీ పాపకూ పొద్దున నీళ్ళు పోసినాము. తర్వాత నులక మంచం కింద నిప్పుల కుంపటి పెట్టి, వాము, వెల్లుల్లి పొట్టు, సాంబ్రాణి వేసి కాక ఇవ్వడం మా ఇండ్లలో రివాజు. బొగ్గులు తెచ్చినది నేను. రాజేసినది నేను. తలుపు కింద సందు ఉన్నదని వంటగది వైపు నుంచి గోనె సంచి మడిచి కుక్కినది నేను. నా భార్య బాలమ్మ గుడ్డలు ఉతకడానికి నల్లా కాడికి పోయింది. నేను అరుగు మీద కూర్చుని పోయేవారిని పిలిచి పిలిచి, "మనుమరాలు పుట్టింది" అని చెప్పుకుంటున్నాను. కొంతసేపటికి లోపల పాప ఏడుపు ఆగిపోయింది.

"చూసిండ్రా, కాక తగిలితే ఎంత మంచిగ పండుకున్నదో" అన్నాను. అయ్యా, ఆ మాట అన్నది కూడా నేనే.

చాయ్ తాగడానికి నాగేశ్ వచ్చినాడు. పడకగది తలుపు తోస్తే కింద గోనె సంచి బిగుసుకుని తెరుచుకోలేదు. భుజంతో తోసినాడు. నా బిడ్డ మంచం మీంచి సగం కిందికి జారి ఉన్నది. పాప చేయి ఎత్తితే ఎత్తిన చోట నిలవలేదు. తర్వాత ఆటో ఎట్లా పోయిందో నాకు తెలియదు. నేను వెనక సీటులో పాప నోటి కాడ చెవి పెట్టి కూర్చున్నాను, ఆటో చప్పుడుకు ఏమీ వినబడలేదు.

డాక్టరమ్మ ఇద్దరికీ ఆక్సిజన్ పెట్టింది. "నిప్పుల గాలికి రంగుండదు, వాసనుండదు తాతా. మూసిన గదిల కుంపటి పెడ్తరా? జర ఆలస్యమయితే..." అని ఆ మాట అక్కడే ఆపేసింది.

నేను నలభై ఏండ్లు బావులలో దిగిన మనిషిని. పాత బావిలో దిగే ముందు తాడుకు దీపం కట్టి దించి చూస్తాము. దీపం ఆరితే మనిషి దిగడు. ఇది మా నాయన నాకు నేర్పినాడు, నేను పదిమందికి నేర్పినాను. అటువంటి నేను నా పిల్లలను ఏ దీపమూ దించి చూడకుండా దించినాను. అది గది కాదు, అడ్డంగా తవ్విన బావి.

6. కుంపటిని ఆనాడే పగులగొట్టినాను. భానుప్రకాశ్ గారి దగ్గరికి పోయి కిటికీ తెరవమని బతిమాలినాను.

"తప్పు కుంపటిది, గదిది కాదు. గాలి రాని గది కావాలని నువ్వే అంటివి. ఇప్పుడు గాలి కావాలంటున్నవ్. ఒక్క మాట మీద ఉండు పెద్దాయనా" అన్నారు.

"తప్పు నాదే సారూ. నన్ను తిట్టుండ్రి, గోడ మాత్రం తీయుండ్రి" అన్నాను.

"చీరల మీద దుమ్ము పడ్తది" అన్నారు.

కుంపటి లేకున్నా పక్కన వంటగదిలో గ్యాస్ పొయ్యి ఉన్నది. ఏదైనా అంటుకుంటే తల్లీపాప బయటికి రావలసినది ఆ పొయ్యి పక్క నుంచే. కరెంటు పోతే ఫ్యాను లేదు, ఊపిరి పట్టే బలం ఇంకా పాపకు లేదు. పైగా నిన్న బిజినేపల్లి నుంచి గది చూడవచ్చిన ఒక కుటుంబానికి, మేము ఖాళీ చేసినాక ఇస్తానంటూ, ఆయన నా చీటిని సర్టిఫికెట్ లాగా చూపించినారట. వాళ్ళ కోడలికి కూడా నెలలు నిండుతున్నవి.

7. సోమవారం మా వాళ్ళను దవాఖాన నుంచి పంపుతున్నారు. ఊరికి పోవద్దన్నారు. ఇరవై ఒకటో దినం ఇంకా రాలేదు గనుక మరొక ఇల్లు దొరకదు. పాప పోవలసినది ఆ గదికే. ఆ గదికి ఈ మూడు దినాలలో కిటికీ రావాలి.

కావున తమరు ఒక మనిషిని పంపి ఆ గోడను తట్టించి చూసి, ఇటుకలు తీయించి, సందు మీది రేకులు ఎత్తించి గాలికి దారి ఇప్పించవలెను. నా చీటి చెల్లదని ఆయనకు రాసి ఇవ్వవలెను. నా మీద కేసు ఏదైనా ఉంటే పెట్టవలెను, కాదనను.

ఇది రాస్తుండగా దవాఖానలో పాప గట్టిగా ఏడ్చింది. అంత గొంతు ఆ పిట్ట లాంటి ఒంట్లో ఎక్కడున్నదో. పక్క మంచం వాళ్ళు విసుక్కున్నారు. నేను మాత్రం ఆపమని చెప్పలేదు, ఇంకా ఏడవమన్నాను.

ఒక ముసలివాడి సంతోషాన్నీ భయాన్నీ కలిపి చిత్తగించవలెను.

తమ విధేయుడు,
నర్సింహులు
(జములమ్మ తండ్రి, పాపకు తాత)

జతపరచినవి: పాత ప్లాను నకలు ఒకటి. పాప బరువు చీటి ఒకటి (దీనికీ కిటికీకీ సంబంధం లేదు, తమరు చూస్తారని).

మళ్ళీ మనవి: ఊరి నుంచి నా గడ్డపార తెప్పించుకున్నాను. ఆదివారం మధ్యాహ్నం దాకా ఆ ఇంటి అరుగు మీద తమ మనిషి కోసం కూర్చుంటాను. ఎవరూ రాకుంటే ఆ ఇటుకలు నేనే తీస్తాను. రాతిలో బావి తవ్విన చేతులకు అది ఎంత పని. చీరల మీద దుమ్ము పడకుండా బాలమ్మ దుప్పట్లు కప్పుతుంది. అప్పుడు ఈ అర్జీనే నా నేరం ఒప్పుకున్న కాయితంగా పెట్టుకోవలెను. ఇటుకలు తీసినాక గది నడుమ ఒక దీపం పెట్టి చూస్తాను. బావిలో అయితే దీపం ఆరకుంటే చాలు. ఇక్కడ అది గాలికి ఊగేదాకా పాపను లోపలికి తీసుకపోను.