జూలై దాకా ఆగమన్నాను

క్లైడ్ నార్త్,
ఆదివారం.

చిరంజీవి తేజస్వినికి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. అమ్మ మోకాలి నొప్పి తగ్గి మళ్ళీ చైల్డ్‌కేర్‌లో డ్యూటీకి వెళ్తోంది. మాసన్ లేక్స్‌లో మీ ఇంటి హీటర్ పనిచేయట్లేదన్నావు. ఓనర్‌కి ఫోన్ చేసి ఊరుకోకు, మెయిల్ పెట్టు. రాతలో ఉంటేనే కదులుతారు.

నీ ఉత్తరం అందింది. రెండు ఒత్తులు తప్పాయి గానీ మొత్తం తెలుగులోనే రాశావు. నీకు అక్షరాలు దిద్దించిన కృష్ణమూర్తి మాస్టారికి చూపిస్తే మురిసిపోయారు.

యూనివర్సిటీలో పార్టీవాళ్ళు రమ్మంటున్నారు, చేరనా అని అడిగావు. పదేళ్ళు తిరిగిన పార్టీని నువ్వెందుకు వదిలేశావు, ఓడిపోయారనా అని కూడా అడిగావు. ఫోన్లో అడిగినప్పుడు మాట మార్చేశాను. నీ గొంతు వింటూ చెప్పలేకపోయాను.

ఓడిపోయారని కాదమ్మా.

అరవై అయిదు దాటినవాళ్ళకి పళ్ళ వైద్యం కూడా జాతీయ ఆరోగ్య బీమాలో చేరుస్తామని మొన్నటికి ముందు ఎన్నికల్లో చెప్పాం. ఆ కరపత్రాన్ని తెలుగులోకి మార్చింది నేనే. బస్సు డ్యూటీ దిగి, యూనిఫాం కూడా విప్పకుండా మన వీధుల్లో తలుపులు కొట్టాను. గెలిచాం. కిందటేడు జూలై నుంచి అమలు అన్నారు. మాస్టారి తెలుగు క్లాసుకి వచ్చే పెద్దలందరికీ ఆ నెల నేనే గుర్తుచేసేవాణ్ణి.

జూలై వచ్చింది, పథకం రాలేదు. జనవరి అన్నారు. తర్వాత సమీక్ష అన్నారు. ఆసుపత్రులతో ఒప్పందం కుదరలేదని ఒకసారి, కంప్యూటర్లు సిద్ధంగా లేవని ఒకసారి. ఈలోగా మాస్టారి పంటి నొప్పి ఆగలేదు. దవడ వాచింది. మందుల షాపు మాత్రలతో నెట్టుకొచ్చారు. ఆ ఆగస్టులోనే చీము మెడలోకి దిగి ఊపిరాడకపోతే అంబులెన్సులో తీసుకెళ్ళారు. గొంతు కింద కోసి గొట్టం పెట్టారు. మనిషి దక్కారు, గొంతు దక్కలేదు. పద్యం చదివితే హాలు చివరిదాకా వినిపించే మనిషి ఇప్పుడు గుసగుసగా తప్ప మాట్లాడలేరు. తెలుగు క్లాసు అప్పటినుంచీ మూతపడింది.

మొన్నటి ఎన్నికల రోజు స్కూలు గేటు దగ్గర, ఎవరికి ఓటెయ్యాలో చూపే మా పార్టీ కాగితాలు పంచుతున్నాను. మాస్టారు మెడకి మఫ్లర్ చుట్టుకుని వచ్చారు. కాగితం అందించాను. తీసుకోలేదు. నా భుజం మీద చెయ్యి వేసి, "నీమీద కోపం కాదయ్యా" అన్నారు. ఎదుటి పార్టీవాళ్ళ దగ్గర కాగితం తీసుకుని లోపలికి వెళ్ళారు. ఆయన వెనక మన వీధి సగం అలాగే వెళ్ళింది. నేను తలుపులు కొట్టిన ఇళ్ళవాళ్ళే. కొద్ది ఓట్ల తేడాతో పోయాం. గెలిచినవాళ్ళు చేసిన మొదటి పని ఏమిటో తెలుసా? ఆ పథకాన్ని పూర్తిగా ఎత్తేశారు. ఆలస్యం చేసినవాళ్ళకి సీటు పోయింది, దాన్ని చూపించి తిట్టినవాళ్ళకి సీటు దొరికింది. మాస్టారికి ఏం దొరికింది?

ఇప్పుడు అసలు మాట రాస్తున్నాను.

జూలైలో రాదని నాకు మే నెలలోనే తెలుసు. మా పార్టీ ఎంపీ ఆఫీసులో పనిచేసే భానుప్రసాద్ కార్యకర్తలందర్నీ కూర్చోబెట్టి, "ఇంకో ఏడాది పడుతుంది. పైనుంచి ప్రకటన వచ్చేదాకా బయట అనకండి" అన్నాడు. తల ఊపి వచ్చాను. జూన్‌లో మాస్టారు అడిగారు.

"పన్ను సలుపుతోంది చలపతీ. మావాణ్ణి డబ్బు అడిగి ప్రైవేటులో పీకించుకోనా, జూలై దాకా ఆగనా?"

"ఇంకెంత మాస్టారూ, మూడు వారాలు. మీవాణ్ణి ఇబ్బంది పెట్టడమెందుకు?" అన్నాను.

ఎవరూ నా నోరు నొక్కలేదు. ఆయన ఇంటి హాల్లో కూర్చుని, వాళ్ళావిడ ఇచ్చిన కాఫీ తాగుతూ అన్నాను.

ఫలితాలు వచ్చిన మర్నాడు పార్టీకి రాజీనామా పంపి, ఆయనకి చెప్పేద్దామని వెళ్ళాను. మాస్టారు నిద్రపోతున్నారు. వంటింట్లో బీరకాయ చెక్కు తీస్తున్న శ్యామసుందరి ఆంటీకి చెప్పాను. ఆవిడ చెయ్యి ఆగలేదు.

"నాకు తెలుసు. ఆయన ఆసుపత్రిలో ఉండగానే భానుప్రసాద్ భార్య చెప్పింది."

"మాస్టారికి కూడా చెప్పేస్తానండీ."

"చెప్పకు. చెప్పి నీ బరువు దించుకుంటావు. ఈ దేశంలో ఆయనకున్న ఒక్క స్నేహితుడూ పోతాడు. నువ్వు మాత్రం రావడం మానకు."

అందుకే ప్రతి శనివారం వెళ్తున్నాను. నువ్వు ఆయనకి ఉత్తరం రాసేటప్పుడు ఈ మాట ఎత్తకు. నీమీద కూడా ఈ బరువు పెడుతున్నాను, తప్పే. పార్టీలో చేరొద్దని చెప్పే అర్హత నాకు లేదు. చేరితే, తెలిసింది దాచమన్న రోజున లేచి వచ్చెయ్యి. నేను లేవలేదు.

నిన్న మాస్టారు నా చెయ్యి దగ్గరికి లాక్కుని, "ఈసారి మన ఊరి కౌన్సిల్ ఎన్నికల్లో నువ్వు నిలబడు చలపతీ. నీ మాటయితే జనం నమ్ముతారు" అన్నారు. కాఫీ కప్పు కడిగి వస్తానని వంటింట్లోకి వెళ్ళిపోయాను.

ఇట్లు,
మీ నాన్న,
చలపతి