వరుసలో నాకూ చోటు

పాస్టరు అయ్యగారికి వందనాలు.

రేపటి నుంచి చర్చి భోజనాల్లో నా గరిటె వేరొకరికి ఇవ్వండి. ఒంట్లో బాగానే ఉంది. నిన్న ఆకలితో వచ్చినవాళ్ళ వరుసలో మా వియ్యంకుడు కనబడ్డాడు. వడ్డించేది నేనని చూసి, ఖాళీ పళ్ళెం బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

వెనకే వెళ్ళాను.

"తినేసే వచ్చాను బావగారూ, ఊరికే చూసిపోదామని," అన్నాడు.

"నేను రోజూ ఇక్కడే తింటాను. ఒక్కణ్ణీ కూర్చుంటే ముద్ద దిగదు, తోడు రండి," అన్నాను. అబద్ధమే.

"సరే, మీ కోసం," అన్నాడు.

కనుక నన్నూ వరుసలో నిలబడనివ్వండి. వంటమ్మ, "ముసలాయనకు ఇంట్లో కూడు లేదా?" అంటే అననివ్వండి. మా ఆవిడకు మాత్రం తెలియకూడదు. ఆవిడకు తెలిస్తే అమ్మాయికీ అల్లుడికీ తెలుస్తుంది, మా వియ్యంకుడు తలెత్తుకోలేడు.

నాకు కాస్త తక్కువ వడ్డించమనండి. ఇంటికెళ్ళి మళ్ళీ తినాలి.