తపాలా ఆయన కాలర్

అమ్మడూ,

నిన్న ఫోనులో "నీ మోచేతి మీద సొరియాసిస్ కాస్తయినా తగ్గలేదు పిన్నీ, మా సార్ ఈ నానో దారాల మందు పట్టీల పనే ఆపేయమంటున్నారు" అని నువ్వు బావురుమన్నావు. అందుకే రాస్తున్నాను.

తప్పంతా నాదే కాదు. "మా పట్టీలో దారం కంటికి ఆనదు పిన్నీ" అన్నది నువ్వే కదా? నువ్వు పంపిన ఒక్కో పొట్లం విప్పితే అద్దంలాంటి పల్చటి కాగితం ఒకటి, దానికింద తెల్లటి మెత్తటి గుడ్డ ఒకటి. ముప్ఫై ఏళ్ళుగా బట్టలు కుడుతున్నదాన్ని, గుడ్డ నా కంటికి ఆనకపోవడమేమిటి? కనిపించనిదే మందనుకుని, ఆ అద్దం కాగితాన్నే నెల రోజులు సొరియాసిస్ మీద శ్రద్ధగా అంటించుకున్నాను.

గుడ్డ పారేయడానికి చేతులు రాలేదు. మన వీధి తపాలా ఆయనకు మెడ మీద నాలాగే ఏళ్ళ తరబడి పొలుసులు. "కాలర్ ఒరుసుకుంటోందమ్మా, లోపల మెత్తగా ఏదైనా వెయ్యి" అన్నాడు. వారం వారం నీ గుడ్డే మార్చి కుట్టాను. ఇప్పుడాయన మెడ చంటిపిల్లాడి మెడలా ఉంది. "నీ చేతిలో ఏదో మహిమ ఉందమ్మా" అని వీధంతా చెబుతున్నాడు. నేనూ కాదనలేదు.

మీ సార్‌ని ఆగమను. వచ్చి ఆ మెడ చూసుకోండి. గుడ్డ సంగతి మాత్రం తపాలా ఆయన దగ్గర ఎత్తకు, ఇంకో ఆరు చొక్కాలు కుట్టమన్నాడు. పొట్లాలు కాస్త ఎక్కువే పంపు. ఈసారి నా మోచేతికీ ఒక ముక్క మిగుల్చుకుంటాను.

నీ పిన్ని