ఓడ బీమాలో రాయించని మాట

శనివారం రాత్రి. చెబుతున్నది నేను, రాస్తున్నది మనవరాలు సుజాత.

ఈ రోజు నేనూ మా ఆడబిడ్డ కోటమ్మా నరసరావుపేటలో ట్రావెల్స్ ఆఫీసుకు వెళ్లాం. వచ్చే నెల ఇద్దరం మద్రాసులో ఓడెక్కి శ్రీలంక చూసి వస్తాం. దానికి బీమా తీసుకోవాలి. కోటమ్మకు గుండెలో స్టెంటు ఉంది.

"అది రాస్తే రేటు పెరుగుద్ది పెద్దమ్మా. ఏ జబ్బూ లేదని రాసేద్దాం," అన్నాడు ఆఫీసతను.

"ఏందిరా రాసేది? నడి సముద్రంలో దీనికి గుండె పట్టుకుంటే, కంపెనీవోళ్లు డబ్బులియ్యం పొమ్మంటే, నువ్వు ఈదుకుంటా వచ్చి ఇస్తావా?"

కోటమ్మ నా మోచెయ్యి గిల్లింది. "ఊరుకో వదినా. జబ్బుందంటే ఓడ ఎక్కనీరేమో."

నేను ఊరుకోలేదు. వెనకటికి పత్తి చేనుకు బీమా కట్టినప్పుడు కాగితం చదివించుకోకుండా వేలిముద్ర వేశాను. చేను మునిగాక చూస్తే అందులో మిరప అని ఉంది. రూపాయి రాలేదు. అప్పటినుంచి రెండుసార్లు చదివించుకోనిదే నా వేలు సిరా ముట్టదు. స్టెంటు సంగతి రాయించాను. రేటు ఎక్కువైనా, ముందునుంచీ ఉన్న జబ్బుకు కూడా వర్తించే బీమానే తీసుకోమన్నాను. తీసుకుంది.

తర్వాత నా వంతు. "నీకేమన్నా ఉన్నాయా పెద్దమ్మా?"

"నాకేం రోగం? రాయిలాగున్నా," అన్నాను. వేలిముద్ర వేశాను.

నెల రోజులుగా మేడమెట్లు ఎక్కుతుంటే రొమ్ములో ఎడమపక్క పట్టేస్తోంది. ఈ మాట ఎవరికీ చెప్పలేదు.

ఆగావేమే సుజాతా? రాయి. సోమవారం ముందు డాక్టరు దగ్గరికి, అక్కణ్ణుంచి ఆ ఆఫీసుకి. నా కాగితం మళ్లీ రాయించాలి.

ఓడ మాత్రం ఎక్కుతాను.